అవినీతికి ఏ నిర్వచనం మేలు?

గ్రూప్స్‌కి, సివిల్స్‌కి చదివేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పుస్తకాల్లో ఇన్ని నిర్వచనాలున్నాయి, దేన్ని పట్టుకోవాలి?

ఎక్కువమంది రాసేది 1967లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త జోసెఫ్ నై చెప్పింది. సొంత లాభం కోసమో, అయినవాళ్ల కోసమో ప్రభుత్వ పదవి విధులను పక్కనపెట్టడం. లంచం, బంధుప్రీతి, నిధులు మింగడం మూడూ ఇందులోకి వస్తాయి. కేసు పెట్టడానికి వీలుగా ఉంటుంది. కానీ రూల్సే అనుకూలంగా రాసుకుంటే? పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే ఎన్నికల బాండ్లు 2018లో మొదలై, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా రూల్స్ ప్రకారమే నడిచాయి. అవినీతిపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ నిర్వచనం కూడా ఇంచుమించు ఇదే, ప్రైవేటు రంగాన్నీ కలుపుకుంటుంది, అంతే.

మరో రాజనీతి శాస్త్రవేత్త హైడెన్‌హైమర్, ఏది అవినీతో జనాన్నే అడగమంటాడు. పెద్దలూ సామాన్యులూ కలిసి తప్పన్నది నలుపు, ఇద్దరూ పెద్దగా పట్టించుకోనిది తెలుపు, మాట కలవనిది బూడిదరంగు. లంచానికి 'మామూలు' అని పేరు పెట్టుకున్న మనకు ఇది చప్పున ఎక్కుతుంది. అయితే రిజిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడు నేనొకటి గమనించాను. డాక్యుమెంట్ రైటర్ స్టాంపు డ్యూటీ, ఫీజు గట్టిగానే చెప్పాడు. 'ఆఫీసు ఖర్చు' దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించాడు. అందరూ ఒప్పుకున్నదే అయితే ఆ గుసగుస ఎందుకు? జనం అలవాటుపడ్డారు, అంతేగాని సరేననలేదు. హైడెన్‌హైమర్ రంగుల్లో ఈ తేడా కనపడదు.

నా మొగ్గు పరిశోధకుడు రాబర్ట్ వేడ్ వైపు. దక్షిణ భారతంలో కాలువల నీటిపారుదల శాఖను చూసి 1982లో రాశాడు. ఇంజనీరు రైతుల దగ్గరా కాంట్రాక్టర్ల దగ్గరా వసూలు చేసిందంతా జేబులో వేసుకోలేడు. కొంత పై అధికారులకూ రాజకీయ నాయకులకూ వెళ్లాలి. మంచి పోస్టింగ్ కొనుక్కోవాలి, కట్టనివాడికి ట్రాన్స్‌ఫర్ భయం. నై లెక్కలో ఇక్కడ దారి తప్పింది ఇంజనీరు. వేడ్‌ని చదివాక మాత్రం వసూలే అక్కడి అసలు డ్యూటీ అనిపిస్తుంది. ఏసీబీ ట్రాప్ చేసి పట్టుకుంటే ఒక మనిషి పోతాడు, సీటు ధర అలాగే ఉంటుంది. కొత్తగా వచ్చినవాడూ పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కదా. వేడ్ నిర్వచనం ఇవ్వలేదు, నిజమే. కానీ డబ్బు ఎవరు తీసుకున్నారన్నదాంతో ఆగకుండా ఎక్కడిదాకా వెళ్తుందో చూశాడు.

ఆర్థికవేత్త క్లిట్‌గార్డ్ సూత్రం ఒకటుంది: గుత్తాధిపత్యం, విచక్షణాధికారం కూడి, జవాబుదారీతనం తీసేస్తే వచ్చేది అవినీతి. అది కారణం చెబుతుంది, నిర్వచించదు. పరీక్షలో ఒక లైను చాలు. నైతో మొదలుపెట్టి, మిగిలిన చోటంతా వేడ్ కాలువకివ్వండి.