చెబొక్సరీ హాప్స్ దిండు: కడప ఎండకు తట్టుకుందా?

మా అన్న కొడుకు రష్యాలో చెబొక్సరీలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. మొన్న సెలవులకు వస్తూ హాప్స్ నింపిన చిన్న నారబట్ట దిండు ఒకటి, ఎండబెట్టిన హాప్స్ వంద గ్రాముల కవరు ఒకటి తెచ్చి, "చిన్నాన్నా, నీకు నిద్ర పట్టదంటివి కదా, ఇది తల పక్కన పెట్టుకో" అన్నాడు. నెల రోజులు వాడినాక రాస్తున్నా.

హాప్స్ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే తీగ కాయలు. చెబొక్సరీ వోల్గా ఒడ్డున ఉండే చువాష్ రిపబ్లిక్‌కు రాజధాని. ఇంట్లో కాచే బీరును చువాష్ వాళ్లు సరా అంటారు, పండగలకూ శుభకార్యాలకూ అది ఉండాల్సిందే, కాబట్టి హాప్స్ తీగ వాళ్లకు పెరటి చెట్టు లాంటిది. 1992లో పెట్టుకున్న వాళ్ల రాజముద్రలో కూడా హాప్స్ ఆకులూ కాయలూ ఉన్నాయి, మనవాడు ఫోన్‌లో చూపిస్తే గానీ నమ్మలేదు. సోవియట్ రోజుల్లో రష్యా హాప్స్‌లో ఎక్కువ భాగం అక్కడే పండేది, సివిల్స్క్‌లో దీని కోసమే పరిశోధన కేంద్రం కూడా పెట్టారు. సోవియట్ కూలినాక తోటలు బాగా తగ్గిపోయాయి.

కవరు విప్పగానే మా జేజి ఒక కాయ తీసుకుంది. పుట్టిల్లు చెన్నూరు, తమలపాకు తోటల్లో పెరిగిన మనిషి. చిటికెన వేలి చివరంత ఉంటుంది కాయ, ఉల్లిపొరల్లాంటి పచ్చటి రేకులు ఒకదాని మీద ఒకటి. గోటితో చీల్చితే రేకుల మొదట్లో పసుపు లాంటి పొడి, వేళ్లకు జిగురుగా అంటుకుంది. చేదు, వాసన అంతా ఆ పొడిలోనే, లుపులిన్ అంటారు. జేజి వాసన చూసి, "ఎండుగడ్డి వామిలో నిమ్మతొక్క పడేసినట్టుందిరా" అనింది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

తోట ఫొటోలు చూపిస్తే ఇంకా ఉషారయింది. మన దగ్గర అవిశ చెట్లకు తమలపాకు తీగ పాకించినట్టే, అక్కడ ఆరేడు మీటర్ల స్తంభాలు పాతి, పైన కమ్మీలు లాగి, తాళ్ల మీద పాకిస్తారు. ఆడ తీగలకే ఈ కాయలు. "ఒక వేరు తెప్పియ్‌రా" అని జేజి పట్టు. ఎట్లా బతుకుద్ది జేజీ, అక్కడ చలికాలమంతా మంచు కింద పడుకుంటుంది, ఎండాకాలం పదిహేడు గంటల పగలు దొరుకుతుంది, మనకు జూన్‌లో కూడా పదమూడు గంటలే. మన దేశంలో హాప్స్ పండే చోటు లాహౌల్, అది కూడా హిమాలయాల్లోనే.

సరే, వస్తువు సంగతి. మొదటి వారం దిండు అద్భుతం. నిద్ర దాని వల్లే పట్టిందో, కరెంటు పోకపోవడం వల్ల పట్టిందో చెప్పలేను గానీ ఆ వాసనకు మనసు నెమ్మదించింది మాత్రం నిజం. రెండో వారం దాటినాక అసలు కథ. మే నెల, గదిలో నలభై దగ్గర్లో వేడి, దిండు మెల్లగా పాతబడిన జున్ను కంపు కొట్టడం మొదలుపెట్టింది. వేడికీ గాలికీ హాప్స్ చెడితే అంతేనట. అమ్మిన కొట్టువాడు తయారీ తేదీ వేయలేదు, లోపలి సరుకు మార్చుకోవడానికి జిప్ కూడా పెట్టలేదు, చుట్టూ కుట్టేశాడు. మన డబ్బుల్లో ఏడొందల దాకా పడింది, దానికి ఇది అన్యాయం.

కవరులోది నయం. గ్లాసు వేడినీళ్లలో రెండు కాయలు చాలు, నేను మొదటిరోజు ఉదారంగా ఆరు వేసి నేలవేము కషాయం తాగినట్టు మొహం పెట్టా. తేనె కలిపితే పర్లేదు. నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా తాగొద్దు.

దిండుకు రెండు, కవరుకు నాలుగు స్టార్లు. ఎవరైనా తెప్పించుకుంటే దిండు జోలికి పోకుండా, కాయలే ఆ ఏడు పంటవి, గాలి తగలని ప్యాకెట్లో తెప్పించుకోండి. అక్కడ ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో కోస్తారు. నా మిగిలిన కవరు ఫ్రిజ్‌లో కూరగాయల ట్రేలో ఉంది, కరివేపాకు కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా అదే తగులుతోందని ఇంట్లో రోజూ తిట్లే.