మెకానిక్ షెడ్డులో 6 కిలోల ఏబీసీ ఫైర్ సిలిండర్: రెండేళ్ల వాడకం తరువాత

విజయవాడ ఆటోనగర్‌లో నాకు కార్లు, చిన్న వ్యాన్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఈ పనిలోకి వచ్చి 22 ఏళ్లయినా, గోడకు ఒక ఫైర్ సిలిండర్ తగిలించుకోవాలన్న ఆలోచన రెండేళ్ల క్రితం వరకు నాకు రాలేదు. ఒక పాత కారుకు పెట్రోలు ఫిల్టరు మారుస్తుండగా మా హెల్పరు చేతిలోని హ్యాండ్ ల్యాంపు జారిపడి, వేడెక్కి ఉన్న బల్బు పగిలి, నేల మీద కారిన పెట్రోలు భగ్గుమన్న రోజున వచ్చింది. ఆ రోజు ఇసుక బకెట్టు, తడిపిన గోనెసంచులు మమ్మల్ని గట్టెక్కించాయి గానీ, కుర్రవాడి ముంజేయి కాలింది. ఆ మరుసటి వారం కొన్న 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ ఎలా పనిచేసిందో, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో షెడ్డు నడిపేవారి కోసం, ఇంటి దగ్గర సొంతంగా బండి విప్పుకునేవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

కొనేటప్పుడు నేను చూసుకున్నది ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు ఐఎస్ 15683 అన్న ప్రమాణం సంఖ్య. ఇందులో మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ పొడిని నింపి, దాన్ని బయటికి తోయడానికి నైట్రోజన్ వాయువును ఒత్తిడితో ఎక్కిస్తారు. ఏ అంటే గుడ్డ, రబ్బరు, కర్ర వంటివాటి మంట, బీ అంటే పెట్రోలు, డీజిలు, థిన్నరు వంటి ద్రవాల మంట, సీ అంటే గ్యాసు మంట. మన షెడ్లలో కాటన్ వేస్టు, సీటు కవర్లు, ఆయిలు ట్రే, గ్యాసు కటింగ్ సిలిండర్ అన్నీ పది అడుగుల లోపే ఉంటాయి కాబట్టి ఒకే పొడితో మూడింటినీ ఎదుర్కోగలగడం దీనిలోని అసలు సౌకర్యం. ఈ పొడి గుండా కరెంటు పారదు కనుక వైరింగు మంటకూ వాడవచ్చు. కారులో పెట్టుకునే 1 కిలో, 2 కిలోల సిలిండర్లు షెడ్డుకు చాలవని నా అభిప్రాయం, ఎందుకంటే గురి కుదిరేలోపే అవి ఖాళీ అవుతాయి.

కొన్న నెలలోపే ఇటువంటిదే మరొక సిలిండర్ తెచ్చి, ఊరి బయట ఖాళీ స్థలంలో ఇనుప ట్రేలో డీజిలు, కొద్దిగా పెట్రోలు పోసి వెలిగించి, మా షెడ్డులోని నలుగురి చేతా విడివిడిగా కొట్టించాను. ఆ డబ్బు దండగ అని పక్క షెడ్డువారు అన్నారు కానీ, ఈ రెండేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో అంత పనికొచ్చింది మరొకటి లేదు. మొదట కొట్టిన కుర్రవాడు మరీ దగ్గరికి వెళ్లి మీట నొక్కడంతో పొడి వేగానికి మండుతున్న డీజిలు ట్రే దాటి చిందింది. మూడు మీటర్ల దూరంలో నిలబడి, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా చూసుకుని, మంట కొసకు కాక మొదలుకు గురిపెట్టి అటూ ఇటూ ఊపితే మూడు నాలుగు సెకన్లలో ఆరిపోయింది. మొత్తం మీద పొడి వచ్చింది సుమారు 18 సెకన్లు మాత్రమే. ఆ వ్యవధి ఎంత తక్కువో మీట పట్టుకున్న చేతికి తెలియాలి తప్ప కాగితం మీద చదివితే తెలియదు.

నిజమైన పరీక్ష ఎనిమిది నెలల తరువాత ఎదురైంది. ఒక డీజిలు వ్యానుకు సెల్ఫ్ మోటారు బిగించి స్టార్టు చేస్తుండగా, ఇంజను పక్కన ఒరుసుకుపోయిన వైరు షార్టయి బానెట్ కింద నుంచి మంట లేచింది. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట పెరుగుతుందని తెలుసు కనుక, లాచ్ తీసి ఏర్పడిన సందులోంచే పొడి కొట్టాము. మంట వెంటనే ఆగింది, కానీ నిమిషం తిరక్కుండానే మళ్లీ అంటుకుంది. బ్యాటరీ మైనస్ వైరు తీయకపోవడమే దానికి కారణం. రెండోసారి కొట్టి, వైరు తీసిన తరువాతే అది పూర్తిగా చల్లారింది. షార్టు వల్ల వచ్చిన మంటను పొడి ఆర్పుతుంది గానీ, ఆ షార్టును ఆపలేదు. అందుకే ఇప్పుడు వైరింగు, సెల్ఫ్, పెట్రోలు లైను పనుల్లో దేనికైనా ముందుగా మైనస్ టెర్మినల్ విప్పాలన్నది మా షెడ్డులో నియమం.

ఆ పొడి మిగిల్చిన పని కూడా చెప్పాలి. కనెక్టర్లలో, ఆల్టర్నేటరులో, ఎయిర్ ఫిల్టరు పెట్టెలో దూరిన ఆ పసుపుపచ్చని మెత్తటి పొడిని తీయడానికి రెండు రోజులు పట్టింది. తేమ తగిలితే అది లోహాన్ని తినేస్తుంది కాబట్టి అదే రోజు బ్లోయరుతో ఊది, కనెక్టర్లన్నీ విప్పి తుడవాలి. ఈ కారణంగానే తరువాత 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా కొన్నాను. అది వాడిన చోట ఏమీ మిగలదు కనుక బానెట్ కింద చిన్న మంటకు మొదట దాన్నే తీస్తాము. అయితే గాలి వీచే ఆరుబయట దాని బలం తగ్గిపోతుంది. పైగా కొట్టేటప్పుడు గ్యాసు బయటికి వచ్చే దాని కొమ్ము చేతిని గడ్డకట్టించేంత చల్లబడుతుంది, కనుక పిడి దగ్గరే పట్టుకోవాలి.

ఎంత మంచి సిలిండరైనా తగిలించిన చోటు తప్పయితే అక్కరకు రాదు. నేను మొదట దాన్ని షెడ్డు వెనక గోడకు, పెయింటు డబ్బాల పైన తగిలించాను. మంట మధ్యలో లేస్తే దాన్ని దాటుకుని సిలిండర్ దగ్గరికి వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడది వాకిలి పక్కనే ఉంది. బయటికి వెళ్లే దారి మన వెనక ఉండాలి, మంట ముందు ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేల వెంట పాకి బండి కింద పనిచేసే గుంటలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకోగల ఆవిరిని పెట్రోలు ఇస్తుంది కాబట్టి మన ఎండల్లో ప్రతి చుక్కనూ మంటగానే లెక్కించాలి. గుంటలో మనిషి ఉండగా ట్యాంకు దించడం, బల్బు హ్యాండ్ ల్యాంపు వాడడం పూర్తిగా మానేశాము, వాటి స్థానంలో ఎల్ఈడీ ల్యాంపులు వచ్చాయి. ఖాళీ ట్యాంకుకు వెల్డింగు చేయమని అడిగేవారికి ఇప్పుడు ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే నిండు ట్యాంకుకన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

లోపాల్లో మొదటిది, సిలిండర్ మీద సూచనలు ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే ఉన్నాయి. మా కుర్రవాళ్ల కోసం నేనే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. రెండోది, వానకాలంలో గొట్టం మూతిలో కందిరీగ మట్టిగూడు పెట్టింది, నెలవారీ తనిఖీలో బయటపడింది కాబట్టి సరిపోయింది. మూడోది సిలిండర్ తప్పు కాదు, రీఫిల్ సేవది. ఒకసారి కొద్దిగా కొట్టినా వాల్వులో పొడి ఇరుక్కుని నైట్రోజన్ మెల్లగా జారిపోతుంది, లోపలి ఒత్తిడి చూపే గేజి ముల్లు పచ్చ గీత నుంచి ఎర్రగీతకు దిగుతుంది. అందుకని వ్యాను సంఘటన తరువాత ఒక సంస్థకు ఫోన్ చేస్తే, వచ్చిన మనిషి పాత స్టిక్కరు తీసి కొత్త తేదీ అంటించి, గ్యాసు మాత్రం నింపి బిల్లు ఇచ్చాడు. అనుమానం వచ్చి కాటా మీద పెడితే రెండు కిలోలకు పైగా పొడి తక్కువ ఉంది. అప్పటినుంచి రీఫిల్‌కు పంపేముందు, తిరిగి వచ్చిన తరువాత రెండుసార్లూ తూకం వేస్తున్నాను, మీరూ వేయండి.

ఇది చేయలేని పనులున్నాయి. సీఎన్‌జీ బండిలో గ్యాసు కారుతూ మండుతుంటే, వాల్వు మూయగలిగితే తప్ప మంటను ఆర్పకూడదు, ఆరిన తరువాత కూడా గ్యాసు చేరి పేలవచ్చు. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ లోపల మొదలైన వేడిని ఈ పొడి తగ్గించలేదు, దానికి ధారాళంగా నీళ్లు, తగినంత దూరం, 101కు ఫోన్ కావాలి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము నుంచి లేచిన మంటల పొగకు పైన లాడ్జిలోని 8 మంది మరణించారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింది గ్యారేజీలో నిల్వచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది పోయారు. డ్రమ్ములు మనుషుల నివాసం కింద ఉన్నప్పుడు గోడకు ఎన్ని సిలిండర్లు ఉన్నా లాభం లేదు.

ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నాను. తగ్గించిన ఒక మార్కు పొడి శుభ్రం చేసే కష్టానికి, తెలుగు లేని సూచనలకు. కొనేటప్పుడు తయారైన నెల, సంవత్సరం చూసి, ఏడాది పాతబడిన సరుకు వద్దనండి. గేజి ముల్లు పచ్చగీతలో ఉందో లేదో, మీట నొక్కుకుపోకుండా ఆపే పిన్నుకు సీలు ఉందో లేదో అంగడిలోనే చూసుకుని ఇంటికి తెచ్చుకోండి.