ఫోన్‌తో ఫొటోనా, పెన్సిల్‌తో బొమ్మా?

నడకలో కనిపించిన పాత శాసనాన్నో, పేరు తెలియని పువ్వునో దాచుకోవాలంటే దారులు రెండు. శాసనానికైతే ఫొటోనే మేలు. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే, అరిగిన అక్షరాల అంచుల్లో నీడలు పడి, మధ్యాహ్నం కనపడనివి కూడా చదవొచ్చు. పిట్టలకూ అంతే, మనం గీసేదాకా అవి ఆగవు. మొక్కల, జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫొటో పెడితే పేరు చెప్పేవాళ్లూ దొరకొచ్చు.

మొక్కలకూ శిల్పాలకూ మాత్రం నా ఓటు పెన్సిల్‌కే. గీయాలంటే ముందు చూడాలి కదా! ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటిగానా? రేకులెన్ని? విగ్రహం బరువు ఏ కాలి మీద ఉంది? ఫొటో తీయడానికి ఇవేవీ అక్కర్లేదు, చిక్కంతా అక్కడే. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మ్యూజియంలో చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. వస్తువుల్ని ఫొటో తీసినవాళ్లకు, ఊరికే చూసిన వాటికన్నా తీసినవే తక్కువ గుర్తున్నాయి. ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనపడలేదు.

బొమ్మ బాగా రాదనే టెన్షన్ వద్దు, ఎవరికీ చూపించక్కర్లేదు. టైమ్ లేని రోజున ఒక్క ఫొటో, అదీ దగ్గరగా జూమ్ చేసి తీసుకోండి.