సిరొంచలో గాలం వేయాలంటే ప్యాకేజీ వద్దు, పడవ మనిషిని పట్టుకోండి

ప్రాణహితలో చేపలు పట్టడం నేర్పిస్తామని మనిషికి 2,500 చొప్పున మా ముగ్గురి దగ్గర 7,500 తీసుకున్నాడు ఒక ప్యాకేజీ నిర్వాహకుడు. ఆ రోజు మమ్మల్ని పడవలో తిప్పిన పెద్దాయనకు అందులోంచి ఇచ్చింది 600. ఈ లెక్క తెలిసినప్పటి నుంచి నాకు మనసులో మంట తగ్గలేదు. మొదటిసారి నది మీద గాలం వేద్దామనుకునేవాళ్ల డబ్బు సరైన చేతికి చేరాలని ఇదంతా రాస్తున్నాను.

సిరొంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో తాలూకా కేంద్రం. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. అది ఈ ఊరిని ఆనుకుని పారి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి, బేరాలన్నీ తెలుగులోనే జరుగుతాయి. నేను, మా ఆయన, మా తమ్ముడు మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా కారులో వెళ్లాం. దారిలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది గదితో మొదలైంది. 'నది ఒడ్డున బస' అని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పాడో! కిటికీ తీస్తే ఎదురుగా ఒక గోదాము వెనక గోడ. కుళాయిలో నీళ్లు లేవు. అడిగితే ఒక కుర్రాడు రెండు బకెట్లు తెచ్చిపెట్టి, ఒక్కో బకెట్‌కు 20 అడిగాడు. దుప్పట్లకు తడి వాసన. మా ఆయనకు కోపం వస్తే మాట్లాడరు, ఆ రాత్రంతా ఒక్క మాట లేదు. తమ్ముడు మాత్రం పొద్దున్నే 5.30కి పడవ ఎక్కుతామన్న ఆనందంలో మూడింటికే లేచి కూర్చున్నాడు.

ప్యాకేజీవాడు వచ్చింది 8.40కి. అప్పటికి ఎండ నీళ్ల మీదికి ఎక్కేసింది. నేర్పించే మనిషి అంటూ వేరే ఎవరూ లేరు. మెరిసే రాడ్లు రెండు తెచ్చాడు, మేం ముగ్గురం. ఒకదానికి రీలు పిడి ఊగుతోంది, రెండోదానికి దారం చిక్కుపడి ఉంది. లైఫ్ జాకెట్లు ప్యాకేజీలో ఉన్నాయి కదా అంటే "అద్దె వేరే మేడమ్, ఒక్కోటి 200" అన్నాడు. ఎర ఖర్చు 300. తను ఒడ్డునే ఆగిపోయి, పడవ నడిపే పెద్దాయనతో మమ్మల్ని పంపాడు. రంగురంగుల ప్లాస్టిక్ చేపలు నీళ్లలోకి విసరడం, లాగడం, మళ్లీ విసరడం. ఒక్క చేపా ముట్టలేదు. పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగిపోవడం రెండు మూడుసార్లు గమనించాను.

అసలు ఘనకార్యం పదకొండున్నరకు జరిగింది. ఒడ్డుకు రాగానే ప్యాకేజీవాడు సంచిలోంచి మూడు కిలోల బొచ్చె తీసి నా చేతిలో పెట్టబోయాడు. "పట్టుకోండి మేడమ్, ఫోటో తీస్తా, రివ్యూ పెట్టండి" అన్నాడు. చేప మొప్పల్లో ఇంకా ఐసు ముక్కలున్నాయి! నేను పట్టుకోలేదు. వాడితో అక్కడే గట్టిగా గొడవపడ్డాను. రెండు వేలు వెనక్కి ఇస్తానన్నాడు. ఇంతవరకు ఇవ్వలేదు.

వాడు వెళ్లాక పెద్దాయన నోరు తెరిచాడు. "రేపు నసుకుల్ల రండి బిడ్డా. నా గాలాలున్నయి. గా ప్లాస్టిక్‌వి పనికిరావు." ఎంత ఇవ్వాలి తాతా అని అడిగితే, మధ్యాహ్నం దాకా పడవకు 1,500 అన్నాడు. ఎర, గాలాలు అందులోనే. ఆ రాత్రికి గోదావరి వంతెన దాటి కాళేశ్వరంలో గది తీసుకున్నాం. 900 రూపాయలు, వేడినీళ్లు, ఉతికిన దుప్పట్లు. మా ఆయన మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టారు. ముక్తేశ్వర ఆలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, సాయంత్రం దర్శనం ప్రశాంతంగా జరిగింది.

మర్నాడు చీకటితోనే రేవుకు చేరాం. రీళ్లు లేవు, సన్నటి వెదురు కర్రలు. వాటికి దారం, బెండు, చిన్న సీసం ముక్క, గాలం. సీసం ఎంత ఉండాలంటే బెండు మునగకుండా నిటారుగా నిలబడేంత, అంతకు మించితే చేప ముట్టినా మనకు తెలియదట. బెండుకూ గాలానికీ మధ్య దారం ఎంత వదలాలో ఓపిగ్గా చూపించాడు. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రవ్వ నడుమ, మోసు అడుగున. ఏది కావాలో దాన్ని బట్టి దారం. జెల్లకైతే వానపాము గుచ్చి అడుగుకంటా వదలాలి. రవ్వకైతే తవుడు, పల్లిచెక్క తడిపి ముద్ద చేయాలి. ముందు అదే ముద్ద కొంచెం నీళ్లలో చల్లి, చేపలు చేరేదాకా కదలకుండా కూర్చోవాలి. మా తమ్ముడు మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"బెండు ఆడంగనే గుంజకు బిడ్డా. పక్కకు కొంటవోయి మునిగినంక గుంజు." ఆ ఒక్క ముక్క 7,500 పెట్టినా దొరకలేదు మాకు. నాకు రెండు జెల్లలు పడ్డాయి. జెల్లకు వీపు మీద ఒక ముల్లు, మొప్పల వెనక చెరొకటి ఉంటాయి, గుచ్చుకుంటే చాలాసేపు సలుపుతుంది. ముళ్ల వెనక నుంచి వేళ్లు పోనిచ్చి ఎలా పట్టాలో, గాలం ఎలా విడిపించాలో తాతే నా చెయ్యి పట్టి చూపించాడు. తమ్ముడికి ముప్పావు కిలో రవ్వ పడింది. వాడి కేకకు అవతల పడవవాళ్లు కూడా నవ్వారు.

చేపలు తాత వాళ్లింట్లోనే వండించుకున్నాం. మామిడి ఒరుగులు వేసి అవ్వ చేసిన జెల్లల పులుసు, వేడి జొన్నరొట్టె. చింతపండు చుక్క లేదు, నీచు వాసన లేదు. కాళేశ్వరం హోటల్లో ముందు రాత్రి 180 పెట్టి తిన్న చేపల భోజనం దీని ముందు ఎందుకూ పనికిరాదు. అవ్వ డబ్బులు తీసుకోనంటే మా ఆయన మనవడి చేతిలో 500 పెట్టారు.

తాత పడవలో కూడా లైఫ్ జాకెట్లు లేవు, గాలి నింపిన ట్యూబులే. ఈత వచ్చినా రాకపోయినా మీ జాకెట్లు మీరే తీసుకెళ్లండి, పిల్లలకైతే అది లేకుండా పడవ ఎక్కించకండి. కాలువలా కనిపించే పాయల్లోనూ ఇసుక తవ్విన గుంతలుంటాయి, పడవ మనిషి చెప్పని చోట దిగవద్దు. గోదావరి మీద కాస్త ఎగువన ఎల్ మడుగు దగ్గర మొసళ్ల అభయారణ్యం ఉంది, కాబట్టి పడవ అంచున చేతులు నీళ్లలో వేలాడేసి కూర్చునే సరదా మానుకోండి. 2023 అక్టోబరులో దిగువనున్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక అక్కడ నీళ్లు నిలపడం లేదు. పాత ఫోటోల్లో ఉన్నంత నీళ్లు ఉంటాయనుకుని వెళ్లకండి. మడుగులు ఎక్కడున్నాయో రోజూ తిరిగేవాళ్లకే తెలుసు.

కార్తీకం వెళ్లాక నీళ్లు తేటపడతాయి, అప్పటి నుంచి మాఘం దాకా మంచి సమయం. వానాకాలం వద్దు, అది బొచ్చె, రవ్వ గుడ్లు పెట్టే కాలం, వరద ఎలాగూ ప్రమాదం. తెలంగాణ వైపు ప్రాణహిత అభయారణ్యం ఉంది, ఆ హద్దుల్లో గాలం వేస్తే అటవీశాఖ కేసు పెడుతుంది. పడవ మనిషి అక్కడి మత్స్యకార సంఘంలో సభ్యుడేనా అని ముందే అడగండి. అలా అయితే ఒడ్డున ఎవరూ వచ్చి గొడవపడరు. రేవులో టీ కొట్టు దగ్గర ముందురోజు సాయంత్రం అడిగితే మనిషి దొరుకుతాడు. 1,500కు బేరం ఆడకండి. తాత దగ్గర ఫోన్‌పే లేదు, నోట్లు తీసుకెళ్లండి.