పాపకి లాల పోసే మనిషి కోసం ఏజెన్సీ ప్యాకేజీ: మనిషికి ఐదుకి ఐదు, ఏజెన్సీకి ఐదుకి రెండు

మియాపూర్, నిజాంపేట, కూకట్‌పల్లి వైపు ఉంటూ, కొత్తగా కాన్పయి, పసిబిడ్డకి నూనె రాసి స్నానం చేయించే మనిషి కోసం వెతుకుతున్నవాళ్ళకి ఈ రివ్యూ పనికొస్తుంది. ఏజెన్సీ పేరు రాయను. మా అపార్ట్‌మెంట్‌లో వేరే ఏజెన్సీల నుంచి మనుషుల్ని పెట్టుకున్నవాళ్ళని అడిగితే వాళ్ళూ దాదాపు ఇదే చెప్పారు, కాబట్టి పేరుతో పనిలేదు, వీళ్ళ పద్ధతి తెలిస్తే చాలు.

సర్వీసు ఇదీ: రోజూ పొద్దున ఒకామె ఇంటికొచ్చి, పాపకి మర్దనా చేసి, లాల పోసి, పొత్తిళ్ళలో చుట్టి ఇచ్చాక, బాలింతకి కూడా ఒళ్ళు పట్టి స్నానం చేయించి వెళ్తుంది. మొత్తం గంటన్నర పని. నెలకి 16,000, అంతా ముందే కట్టాలి, ఆదివారం సెలవు. నూనె, సున్నిపిండి, టవళ్ళు మనవే. అందులో ఆమె చేతికి వచ్చేది 9,000 అని తర్వాత మాటల్లో తెలిసింది. మిగతా 7,000 ఒక ఫోన్ కాల్‌కీ ఒక వాట్సాప్ గ్రూపుకీ అన్నమాట.

మొదటి కాన్పు పుట్టింట్లో కదా, ఇదంతా ఎందుకు అనేవాళ్ళుంటారు. నేను చూపించుకున్న హాస్పిటల్, మా ఆయన ఆఫీసు రెండూ ఇక్కడే కాబట్టి అమ్మే తెనాలి నుంచి వచ్చింది. కానీ అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి, కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలి, ఇక కాళ్ళు చాపుకుని వాటి మీద పిల్లని పడుకోబెట్టి నీళ్ళు పోయడం ఎక్కడ! అత్తయ్యేమో "నేను పోసి ముప్పై ఏళ్ళు దాటిందమ్మా, పసిగుడ్డుని పట్టుకోవాలంటే చేతులు వణుకుతున్నాయి" అని ముందే తప్పుకుంది. మా ఆయనకి కంపెనీ ఇచ్చిన సెలవు వారం కూడా లేదు, అందులో సగం ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం బిల్లింగ్ కౌంటర్ ముందే అయిపోయింది. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగమైతే తండ్రికి 15 రోజులు ఇస్తారు, ప్రైవేటు వాళ్ళకి అలాంటి చట్టం లేదు, కంపెనీ దయ. నాకు 26 వారాల సెలవుంది గానీ కుట్లతో వంగలేను.

ఫోన్‌లో మాత్రం "ట్రైన్డ్ బేబీ కేర్ స్పెషలిస్ట్ మేడం, సర్టిఫికెట్ ఉంది" అన్నారు. వచ్చింది యాభై దాటిన పెద్దావిడ, పాలమూరు వైపు నుంచి కూలి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. సర్టిఫికెట్ గురించి అడిగితే నవ్వేసింది. మేం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. నాకు టెన్షన్‌గానే ఉంది, కానీ చెప్పులు విప్పుతూనే ఆమె అడిగిన మాటలు వినగానే సగం తగ్గింది. "ఆపరేషనా, మామూలు కాన్పా బిడ్డా? పాప బరువెంతున్నది? బొడ్డు ఊడిందా?" ఏజెన్సీ మాతో నింపించుకున్న ఫారంలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు, ఫ్లాట్ నంబరు, పేమెంట్ వివరాలు మాత్రం ఉన్నాయి.

బొడ్డు ఇంకా ఊడలేదంటే ఆ రోజు నీళ్ళు పోయలేదు, గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి తుడిచి వదిలేసింది. ఊడేదాకా అంతే. మా పిల్లల డాక్టర్ చెప్పింది కూడా అదే: మామూలుగా ఒకటి రెండు వారాల్లో దానంతటదే ఎండి రాలిపోతుంది, అప్పటిదాకా పొడిగా ఉంచాలి, పసుపు, నూనె, పౌడర్ ఏదీ దాని మీద వేయకూడదు. రెండున్నర కిలోల లోపు పుట్టిన పిల్లలున్న ఇళ్ళకైతే డాక్టర్ సరేనన్నాకే చెయ్యి పెడతానని పెద్దమ్మ తనే చెప్పింది.

ఇక అసలు పని. ఇప్పటి ఫ్లాట్ల బాత్రూంలో కమోడ్ పోను మనిషి కాళ్ళు చాపుకునేంత చోటు ఉండదు. పెద్దమ్మ రెండు బాత్రూంలూ చూసి పెదవి విరిచి, వంటింటి పక్కన వాషింగ్ మెషిన్ ఉండే చోట పీట వేయమంది. కిటికీ మూయించింది. "ఫ్యాను బంద్ జెయ్యుండ్రి, సలిపెడ్తది" అని హాల్లో ఫ్యాన్ కూడా ఆపించింది. టవలు, జుబ్బా, లంగోటా, పొత్తిగుడ్డ అన్నీ వరసగా పరిచి పెట్టుకున్నాకే పాపని అందుకుంది. చీర మోకాళ్ళ పైకి దోపి, కాళ్ళు చాపి, రెండు కాళ్ళ మధ్య పల్లంలో పాపని వెల్లకిలా పడుకోబెట్టి, అరచేతుల్లో కొబ్బరినూనె రుద్దుకుని, పాదాల నుంచి పైకి రాసుకుంటూ వెళ్ళింది. పిసికేస్తుందేమోనని మేమంతా గుమ్మంలో గుంపుగా నిలబడ్డాం గానీ, ఆమె ఒత్తిడి చర్మం కదిలేంతే, అంతకు మించి లేదు.

నీళ్ళు పోసేటప్పుడు బోర్లా తిప్పుతుంది. అప్పుడు ఆమె ఎడమచెయ్యి చూడాలి. అరచెయ్యి పాప నుదుటికి అడ్డంగా టోపీ అంచులా ఉంటుంది, బొటనవేలు ఒక కణత మీద, చిటికెనవేలు ఇంకో కణత మీద, నెత్తిన పోసిన నీళ్ళు ఆ చేతి అంచు దాకా వచ్చి పక్కలకి జారిపోతాయి, ముక్కులోకి ఒక్క చుక్క పోదు. గీజర్ కుళాయి కింద నేరుగా పట్టనివ్వదు. బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు, మోచేతి లోపలి వైపు పోసుకుని చూసుకున్నాక "మంచిగున్నయ్" అంటేనే పాప మీద చెంబు ఎత్తుతుంది, ఆ తర్వాత మధ్యలో మళ్ళీ వేడినీళ్ళు కలపనివ్వదు. పోయడం ఐదు నిమిషాలు దాటదు, తుడవడం దానికి రెట్టింపు. మెడ మడతలు, చంకలు, తొడల సందులు, చెవుల వెనక, వేళ్ళ మధ్య, అన్నీ అద్దుతుంది, రుద్దదు. పాలు కారి మెడ మడతలో పుల్లవాసన వేస్తోందని ఇంట్లో ఇంతమందిమి ఉండి కనిపెట్టలేదు, ఆమె మొదటిరోజే వేలితో మడత విప్పి చూపించింది.

నాకు చేసిన సేవ గురించి ఎక్కువ చెప్పను, బావుంది. కుట్లు ఉన్నాయని పొట్ట జోలికి అసలు పోలేదు, నడుము కట్టు ఊసు కూడా డాక్టర్‌ని అడిగి చెప్పమంది. పాలిచ్చి పాలిచ్చి పట్టేసిన మెడా భుజాలూ మాత్రం ఆమె చేతుల్లోనే వదిలాయి.

నూనె రాస్తే ఎముకలు గట్టిపడతాయి, పిల్ల తెల్లబడుతుంది అని ఏజెన్సీ వాట్సాప్‌లో పంపిన పోస్టర్ నేను నమ్మను. మాకు కనిపించిన లాభం వేరే. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగే వయసు, రాత్రీ పగలూ తేడా లేకుండా ఎవరు ఎప్పుడు తిన్నారో ఎవరు ఎప్పుడు పడుకున్నారో తెలియని ఇల్లు, అలాంటిది స్నానమయ్యాక పాప పాలు తాగి ఒళ్ళు తెలియకుండా పడుకుంటే అమ్మ నా పథ్యం వంట చేసుకునేది, మా ఆయన లాప్‌టాప్ తెరిచి ఆఫీసు కాల్‌లో కూర్చునేవాడు, అత్తయ్య లంగోటాలు ఆరేసుకుంటూ ఊళ్ళో వాళ్ళకి ఫోన్లు, నేను మంచం మీద అడ్డంగా. ఇల్లు కాస్త దారిలో పడింది ఆ గంటన్నర వల్లే.

గొడవలు లేవా అంటే ఉన్నాయి. పెద్దమ్మకి కొన్ని అలవాట్లున్నాయి, మానిపించడానికి నానా తంటాలు పడ్డాం. ముక్కులో, చెవుల్లో రెండు చుక్కల నూనె వేస్తానంటుంది. ముక్కు కొనదేరాలని నొక్కుతుంది. పాప రొమ్ములు కాస్త ఉబ్బి ఉంటే "పాలు పిండాలె, లేకుంటే గడ్డలైతయ్" అంది, దానికి అత్తయ్య "అవును, మా పిల్లలకీ పిండేవాళ్ళు" అని వంత. నేను ఒక్కదాన్నే వద్దంటే ఇద్దరూ వినరు కదా, అందుకని టీకాలకి వెళ్ళినప్పుడు అత్తయ్యని కూడా తీసుకెళ్ళి డాక్టర్ నోటితోనే చెప్పించాను. ఆ వాపు తల్లి హార్మోన్ల వల్ల వస్తుందట, మగపిల్లలకీ వస్తుందట, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది, పిండితేనే చీము పట్టే ప్రమాదం. ముక్కులో నూనె వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కాటుకలో సీసం ఉండొచ్చు. వస, తేనె, ఉగ్గు, మంచినీళ్ళు ఏవీ వద్దు, ఆరు నెలలదాకా తల్లిపాలే, తేనె ఏడాది లోపు అసలు వద్దు. అత్తయ్య ఇంటికొచ్చి ఇదంతా తనే కనిపెట్టినట్టు పెద్దమ్మకి చెప్పింది. పెద్దమ్మ "నా చేతుల మీద ఎంతమంది పెరిగిండ్రు, ఒక్కరికన్నా ఏమన్నయిందా" అని రెండు రోజులు ముభావంగా ఉంది, ఆ తర్వాత "డాక్టరమ్మ వద్దంటే వద్దు తియ్యి" అని వదిలేసింది. సాంబ్రాణి దగ్గర మాత్రం రాజీ పడ్డాం. పొగ పసిపిల్ల ఊపిరికి మంచిది కాదు, కాబట్టి పాప గదిలో తలుపు వేసుకుని ఉంటే అత్తయ్య దేవుడి గూడు దగ్గర వేసుకుంటుంది.

టైమింగ్ గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తాను. కడుపు నిండా పాలు తాగిన వెంటనే మర్దనా చేస్తే కక్కేస్తారు, ఆకలి మీద ఉంటే ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తారు. కాబట్టి పాలు తాగాక ఓ అరగంటో ముప్పావుగంటో గడిచిన సమయం కావాలి. ఏజెన్సీ వాళ్ళు "ఏడున్నర స్లాట్" అని చెప్తారు గానీ ఆ మనిషి పొద్దున్నే మూడు నాలుగు ఇళ్ళు తిరుగుతుంది, మొదటి ఇంట్లో పిల్ల పడుకుని ఉంటే ఆ ఆలస్యం మిగతా ఇళ్ళన్నిటి మీదా పడుతుంది. మా ఇల్లు రెండోది. మాట్లాడుకునేటప్పుడు స్లాట్ ఎంత అని కాదు, మీ ఇల్లు ఆమె వరసలో ఎన్నోది అని అడగండి. ఇంకో పిల్ల దగ్గర్నుంచి నేరుగా వస్తుంది కాబట్టి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమనండి, గాజులు, ఉంగరం తీయమనండి. పెద్దమ్మ చెప్పకుండానే చేసేది, అందరూ చేయరు.

చేయరని ఎలా తెలిసిందంటే, పెద్దమ్మ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళినప్పుడు ఏజెన్సీ మాకు మాట కూడా చెప్పకుండా వేరే అమ్మాయిని పంపింది. గోళ్ళు పొడుగు, చెవిలో ఇయర్‌ఫోన్, మెడ కింద చెయ్యి పెట్టకుండానే పాపని లేపబోయింది. అమ్మ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి ఒక్క ఉదుటున లేచి పాపని లాక్కుంది. ఫోన్ చేస్తే "రీప్లేస్‌మెంట్ ఇచ్చాం కదా మేడం, రిఫండ్ రాదు" అన్నారు. పెద్దమ్మ వచ్చేదాకా తడిగుడ్డ స్నానాలే, ఆ రోజుల డబ్బులు గోవింద. దీనికి తోడు "వీక్లీ నర్స్ విజిట్" అని విడిగా 1,200 అడిగారు, బరువు చూసి, జ్వరం చూసి వెళ్తారట. మా చెల్లెలికి పల్లెలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి ఇదే పని పైసా తీసుకోకుండా చేసి వెళ్ళింది, అది ప్రభుత్వ కార్యక్రమం. సిటీలో ఉన్నా మీ బస్తీ దవాఖానాలో అడిగి చూడండి, మేం ఆ 1,200 కట్టలేదు.

పెద్దమ్మని నేరుగా పెట్టుకుందామా అనుకున్నాం. అగ్రిమెంట్‌లో అలా చేయకూడదని రాసి ఉంది, అంతకన్నా ముఖ్యంగా ఏజెన్సీకి తెలిస్తే ఆమెకి మిగతా ఇళ్ళు పోతాయి, కాబట్టి ఆమెని ఆ ఇరకాటంలో పెట్టలేదు. బారసాలకి చీర పెట్టి, చేతికి కొంత ఇచ్చాం. పని మనిషిని బట్టి ఉంటుంది, కాబట్టి మీకు ఎవరిని పంపుతున్నారో ఫోన్‌లో మాట్లాడించమనండి, ఆమె బొడ్డు సంగతీ కాన్పు సంగతీ అడగకుండా "ఎన్ని గంటలకి రావాలి" అని మాత్రమే అడిగితే ఇంకొకరిని చూపించమనండి. తను సెలవు పెడితే ఎవరొస్తారో, రోజుల లెక్కన డబ్బులు తగ్గిస్తారో లేదో మెసేజ్‌లో రాయించుకోండి.

రెండో నెల మాకు బాలింత సేవ అక్కర్లేదు, పాపకి మాత్రమే చాలన్నాం. 10,000 చెప్పి, బేరమాడితే 8,500కి దిగారు. అది కూడా వారం వారం కడతామంటే మొదట కుదరదన్నారు, సరే అయితే వద్దులెండి అని ఫోన్ పెట్టేస్తే పది నిమిషాల్లో వాళ్ళే మళ్ళీ చేశారు. రేటు కార్డులో వారం ప్యాకేజీ కనిపించదు, అడిగితే ఇస్తారు.