తాన్సేన్‌లో మా చర్చి టీమ్: ప్రయాణం, బస, భోజనం

హనుమకొండ వైపు చర్చిల నుంచి నేపాల్ వెళ్దామనుకునేవాళ్లు ముందు ఖాట్మండూ పేరే ఎత్తుతారు. నన్నడిగితే పాల్పా జిల్లాలోని తాన్సేన్ మేలు. సరిహద్దుకు దగ్గర, ఖర్చు తక్కువ. చిన్న ఊరు కాబట్టి రెండో రోజుకే కిరాణా కొట్టువాళ్లు పలకరిస్తారు. మిషన్ పనికి పాత ఊరు కూడా. 1949లో పక్షుల పరిశోధనకు వచ్చిన అమెరికన్ మిషనరీ రాబర్ట్ ఫ్లెమింగ్‌తో ఆ కథ మొదలైంది. తర్వాత ఆయన భార్య డాక్టర్ బెథెల్ ఇక్కడ రోగులను చూశారు. 1954 నుంచి ఉన్న మిషన్ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది.

వరంగల్‌లో రప్తిసాగర్ ఎక్కితే గోరఖ్‌పూర్‌లో దిగొచ్చు. రైలు రోజూ ఉండదు, తేదీ చూసుకుని మిగతావి బుక్ చేయండి. అక్కడి నుంచి బస్సులో సరిహద్దు ఊరు సునౌలి. గేటు నడిచి దాటితే నేపాల్, వీసా గొడవ లేదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో దగ్గరుండాలి, ఆధార్‌ను నమ్ముకోవద్దు. మన 100 రూపాయలకు వాళ్లవి 160. పెద్ద నోట్లతో ఇబ్బంది, వంద నోట్లు ఎక్కువ పట్టుకెళ్లండి.

సరిహద్దు దాటాక దారిలో బుట్వల్ అనే ఊళ్లో ఒక రాత్రి లాడ్జిలో ఉన్నాం. గీజర్ గోడకు ఉంది, నీళ్లు మాత్రం చల్లగానే వచ్చాయి. తెల్లవార్లూ లారీల హారన్లు. ఇక అక్కణ్ణుంచి తాన్సేన్ దారిలో సిద్ధబాబా గుడి దగ్గర కొండ అంచున జీపు వెళ్తుంటే వెనక సీటు అక్కలు పాటలు ఆపి ప్రార్థన మొదలుపెట్టారు. వానాకాలం అక్కడ రాళ్లు దొర్లుతాయి, ఆ నెలల్లో వెళ్లకండి.

తాన్సేన్‌లో చర్చి మేడ మీద పడకలు వేశారు. పరుపులు పల్చన, దుప్పట్లు మందం, శుభ్రం బాగుంది. బాత్రూం ఒక్కటే, కాబట్టి పొద్దున క్యూ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు బజారులో గది తీసుకోవడమే నయం. ఊరంతా ఎత్తుపల్లాలే, నాలుగడుగులు వేస్తే మెట్లు.

మొదటి సాయంత్రమే అక్కడి పాస్టర్‌గారు కూర్చోబెట్టి చెప్పారు: వీధిలో కరపత్రాలు పంచొద్దు, ఇళ్లకు వెళ్లి బోధించొద్దు. నేపాల్ రాజ్యాంగమే మతం మార్పించడాన్ని నిషేధించింది, 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ఇది తెలియకుండా పుస్తకాల కట్టలతో బయల్దేరే టీములు ఆతిథ్యమిచ్చినవాళ్లనే చిక్కుల్లో పడేస్తాయి. మేము చేసిందల్లా సండే స్కూల్ గదికి రంగులు వేయడం, లోపల పిల్లలకు పాటలు నేర్పడం, వంటగదిలో చేయి వేయడం. మన వరంగల్ హిందీతోనే పని జరిగిపోయింది.

ఆరాధన శనివారం, మేం వెళ్లినప్పుడు అక్కడ వారం సెలవు ఆ రోజే. చెప్పులు బయట వదిలి నేల మీదే కూర్చోవాలి, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. మాదల్ అనే వాళ్ల డోలు వాయిస్తుంటే మా ఊరి చర్చిలో ఉన్నట్టే అనిపించింది. మర్నాడు ఆదివారం పిల్లలు యూనిఫాం వేసుకుని బడికి పోతుంటే మాత్రం మా పాస్టరమ్మకు ఎంతకీ మింగుడు పడలేదు.

తిండి సంగతి. పొద్దున ఆరింటికి చాయ్, బిస్కెట్లు. పదింటికి దాల్‌భాత్, మళ్లీ రాత్రి దాల్‌భాత్. మధ్యాహ్నం భోజనం ఉండదు, షుగర్ ఉన్నవాళ్లు ఏదైనా దగ్గర పెట్టుకోండి. పప్పు పల్చన, కారం బొత్తిగా తక్కువ. వంట చేసే దీదీ ఒక రాత్రి ఢిడో అనే పిండి సంకటి పెట్టింది, అచ్చం మన గట్క. దాని పక్కన గుంద్రుక్, అంటే పులియబెట్టి ఎండబెట్టిన ఆకుల పులుసు. మేం తీసుకెళ్లిన మామిడికాయ తొక్కు నాలుక్కి తగలగానే దీదీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా ఇంకో ముద్ద పెట్టమంది.

తీరిక దొరికితే ఢాకా బట్ట (ఇక్కడి పేరున్న పూల నేత) నేసే చోటుకు వెళ్లండి. మాతో వరంగల్ కొత్తవాడ బాబాయి ఒకాయన వచ్చాడు, జంపఖానాలు నేసే చేయి. మగ్గం చూడగానే వంగి పోగు వేళ్ల మధ్య నలిపాడు. నేసే అమ్మాయి రంగు నూలును చిన్న చిన్న ముక్కలుగా చేత్తోనే దూర్చి పూలు తేలుస్తుంటే గుడ్లప్పగించి చూశాడు. "ఇంత సన్న పనికి ఈ ధర తక్కువే బిడ్డా" అని బేరమాడకుండా టోపీ కొన్నాడు.

దసరా సెలవుల్లో వాతావరణం బాగుంటుంది గానీ అక్కడా దశైన్ పండుగే, బస్సుల్లో సీటు దొరకడం కష్టం. ఫిబ్రవరి చివర, మార్చి అనుకూలం. రాత్రికి స్వెట్టర్ ఉండాల్సిందే.