పికప్‌లో రేసింగ్ కార్ట్: ర్యాంప్ ఇచ్చేశాం, ట్రాలీ ఉంచుకున్నాం

మా అమ్మాయి జూనియర్ క్లాసు పోటీల్లో కార్ట్ నడుపుతుంది. కార్ట్ అంటే నేలకి దగ్గరగా ఉండే చిన్న రేసు బండి. మాది రోటాక్స్ కంపెనీ 125 సీసీ ఇంజిను. మాకు ట్రైలర్ లేదు, డబుల్ క్యాబ్ పికప్ ఒక్కటే ఉంది. పోయిన సీజనంతా కార్టు, టైర్లు, పనిముట్లు, పెట్రోలు అన్నీ ఆ పికప్ తొట్టిలోనే సర్దుకుని తిరిగాం. అందుకోసం మడిచే అల్యూమినియం ర్యాంప్ జత ఒకటి, సరుకు కట్టి బిగించే రాచెట్ బెల్టులు నాలుగు, చక్రాల ట్రాలీ ఒకటి కొన్నాం. ఇవి కాక ప్లైవుడ్‌తో ఒక పలక చేయించుకున్నాం. వీటిలో ఏది పనికొచ్చింది, ఏది డబ్బు దండగ అయింది అన్నది కొనబోయేవాళ్లకి ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

ర్యాంప్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ ముందు కొనేది అదే. వస్తువుగా చూస్తే దానికి వంక పెట్టలేను. 2.1 మీటర్ల పొడవు, సగానికి మడుస్తే తొట్టిలో ఓ పక్కన పడి ఉంటుంది. జతకి 300 కిలోల పైనే మోస్తుందని దాని మీదే రాసి ఉంది. మా కార్టు 80 కిలోలు. కాబట్టి బరువు గురించి ఆలోచించే పనే లేదు. మేం ఆలోచించనిది కార్టు పొట్ట గురించి.

కార్టు అడుగుభాగం నేలకి మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 104 సెంటీమీటర్లు. పికప్ వెనక తలుపు దించితే అది నేలకి 85 సెంటీమీటర్ల ఎత్తు. 2.1 మీటర్ల ర్యాంప్ వేస్తే వాలు 24 డిగ్రీలు వస్తుంది. మొదటిరోజు నేను పైనుంచి లాగుతున్నాను, అమ్మాయి కిందనుంచి తోస్తోంది. ముందు చక్రాలు తలుపు మీదికి వచ్చాయి. ఇంకో అడుగు లాగేసరికి కర్రుమని చప్పుడు. కార్టు ఆ అంచు మీద తక్కెడలా ఆగిపోయింది. ముందు చక్రాలు గాల్లో తేలుతున్నాయి, బరువంతా పొట్ట మీద పడింది. ఎలాగో ఎత్తి దించి కింద పడుకుని చూస్తే, ఫ్లోర్ ట్రే (కాళ్ల కింది రేకు) బోల్టుల తలలు రెండు అరిగిపోయి మెరుస్తున్నాయి. పక్కనున్న ఫ్రేమ్ గొట్టం మీద వేలెడు పొడవున పెయింట్ లేచిపోయి ఉక్కు కనిపిస్తోంది.

కారుకైతే అది గీతే. కార్టుకి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉండవు. ఆ గొట్టాలు వంగి మళ్లీ యథాస్థితికి రావడమే దానికి సస్పెన్షన్. అందుకే అక్కడ గీత కనిపిస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మూడు సెంటీమీటర్ల ఎత్తు, 104 సెంటీమీటర్ల దూరం ఉన్న బండి పొట్ట తగలకుండా దాటగలిగే వాలు మార్పు ఆరున్నర డిగ్రీలు మాత్రమే. తలుపు ఎత్తుకి అంత తక్కువ వాలు రావాలంటే ఏడు మీటర్లు దాటిన ర్యాంప్ కావాలి. పికప్ వెనక చక్రాలు పల్లంలో ఉండేలా నిలిపాం, అంచు దగ్గర చెక్క వేశాం. కొంత నయమైంది కానీ ప్రతిసారీ అదే టెన్షన్. రెండు నెలలకి ఆ ర్యాంప్‌ని మోటార్‌సైకిల్ ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. అతనికి హాయిగా పనికొస్తోంది.

దాని బదులు మమ్మల్ని గట్టెక్కించింది ట్రాలీ. నిజానికి దాన్ని పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన రిపేర్లు చేసుకునే చోట, కార్టు ఎత్తిపెట్టి పనిచేసుకోవడానికి కొన్నాం. గాలి చక్రాలు నాలుగు, నడుం ఎత్తుకి కాస్త తక్కువలో కార్టు కూర్చుంటుంది. దాన్ని పికప్ దాకా తోసుకొచ్చి, బ్రేక్ వేసి, ఇద్దరం చెరో చివర పట్టుకుంటాం. బరువైన ఇంజిన్ వైపు నేను, తేలికైన ముందువైపు అమ్మాయి. మొదట వెనక చక్రాల్ని పైకి చేర్చి, తర్వాత ముందుభాగాన్ని అదే ఎత్తుకి లేపి లోపలికి తోస్తాం. కార్టు మొదటినుంచి చివరిదాకా దాదాపు సమంగానే ఉంటుంది కాబట్టి పొట్ట ఎక్కడా తగలదు. అంతా నిమిషంలో అయిపోతుంది. ఒక్కరే తిరిగేవాళ్లకి మాత్రం ఈ పద్ధతి కుదరదు, వాళ్లు పైకెత్తే యంత్రం ఉన్న స్టాండు చూసుకోవాలి.

ట్రాలీకి లోపం లేదనను. ఫ్రేమ్ ఆనే కొమ్ముల మీద తొడిగిన రబ్బరు గొట్టాలు మూడో నెలకే జారిపోయి ఇనుముకి ఇనుము రాసుకోవడం మొదలైంది. పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టాను, ఇప్పటిదాకా కదల్లేదు. కొనేటప్పుడు ఆ రబ్బరుని చేత్తో మెలిపెట్టి చూడండి, తిరిగితే తీసుకోకండి.

ఇక పలక. నా లెక్కలో కార్టు తర్వాత మేం పెట్టిన అత్యుత్తమ ఖర్చు ఇదే. మా పికప్ తొట్టిలోకి ఉబ్బి ఉండే చక్రాల గూళ్ల మధ్య వెడల్పు 110 సెంటీమీటర్లు. కార్టు వెనక వెడల్పు నిబంధనల ప్రకారం 140 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, మాది దాదాపు అంతే ఉంటుంది. అంటే తొట్టి అడుగున అది పట్టదు. ప్రతి ప్రయాణానికీ వెనక హబ్బులు (చక్రాల్ని యాక్సిల్‌కి పట్టి ఉంచేవి) వదులు చేసి చక్రాల్ని లోపలికి జరుపుకోవచ్చు గానీ, ట్రాక్‌లో వెతికి వెతికి పెట్టుకున్న సెట్టింగ్ పోతుంది. అందుకని గూళ్ల ఎత్తుకి చెక్క దూలాలు వేయించి, పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిపించాను. నాలుగడుగుల వెడల్పు షీటు 122 సెంటీమీటర్లే కాబట్టి దాని మీద వెనక టైరు సగమే ఆనుతుంది. అటో పట్టీ ఇటో పట్టీ కలిపితే సరిపోయింది.

పలక కింద మిగిలే ఇరవై సెంటీమీటర్ల ఖాళీ ఒక అరలా పనికొస్తుంది. స్పానర్ల పెట్టెలు, చైన్లు, స్ప్రాకెట్లు, గాలి కొట్టే పంపు అన్నీ అందులోకి జారిపోతాయి. రిమ్ముతో సహా ముందు టైర్లు పడుకోబెడితే పడతాయి, వెనక టైర్లు పట్టవు. వాటిని కార్టు సీటులో కట్టకండి, కుదుపులకి సీటు బోల్టుల దగ్గర పగుళ్లు వస్తాయి. మేం క్యాబిన్ వెనక సీటు కింద పెట్టుకుంటాం.

బెల్టుల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా అసలు నష్టం అక్కడే జరిగింది. కొన్నవి 25 మిల్లీమీటర్ల వెడల్పువి, లేబుల్ మీద ఎల్‌సి (బెల్టు తట్టుకునే లాగుడు) 250 డెకాన్యూటన్లు అని ఉంది. అంటే సుమారు 250 కిలోల లాగుడు. సరుకు కట్టడానికి యూరప్‌లో వాడే ప్రమాణం, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వస్తువు తన బరువులో పదికి ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోస్తుందని లెక్క కడుతుంది. మా కార్టుకి అది 64 కిలోలు. ఒక్క బెల్టే చాలుగదా అనిపించింది. ఆ ధైర్యంతో నాలుగు బెల్టుల్నీ టైర్ల మీదుగా వేసి బిగించాను. అప్పట్లో కార్టు ముక్కు క్యాబిన్ వైపు ఉండేది.

కార్టు టైర్లలో గాలి 0.8 బార్ ఉంటుంది, కారు టైర్లలో ఉండేదానికి సగం కూడా కాదు. బెల్టు బిగిస్తే అవి లోపలికి నొక్కుకుంటాయి. దారిలో గతుకులకి ఇంకాస్త నొక్కుకున్నాయి, బెల్టు వదులైంది. ఒక చోట ఉన్నట్టుండి బ్రేక్ వేశాను. వెనక దబ్బున చప్పుడైంది. దిగి చూస్తే కార్టు జానెడు ముందుకొచ్చి తొట్టి గోడకి కొట్టుకుంది. పైకి ఏమీ కనిపించలేదు. ట్రాక్‌కి వెళ్లి దించాక అమ్మాయి, “నాన్నా, స్టీరింగ్ తిన్నగానే పట్టుకున్నా. ఎడమ చక్రం బయటికి చూస్తోంది” అంది. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ, టై రాడ్, వంగింది. స్పేర్ వేసి, అలైన్‌మెంట్ మళ్లీ చూసుకునేసరికి మొదటి ప్రాక్టీస్ సెషన్ అయిపోయింది. రెండు వారాలుగా ఆ సెషన్ కోసమే ఎదురుచూసిన పిల్ల నోరు మెదపకుండా స్పానర్లు అందిస్తూ కూర్చుంది. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తుంది.

బెల్టు తెగలేదు, వదులైంది. అంటే బలం చాలక కాదు, నేను కట్టిన చోటు తప్పు. ఇప్పుడు ఫ్రేమ్ కింద ఐదు సెంటీమీటర్ల మందం చెక్క దిమ్మెలు నాలుగు, పైన రబ్బరు అంటించి పెడుతున్నాం. టైర్లు గాల్లో తేలతాయి, నొక్కుకునేది ఏదీ ఉండదు. బెల్టులు ఫ్రేమ్‌కే కడతాం. ముందు అడ్డగొట్టానికి రెండు, వెనక యాక్సిల్ బేరింగుల పక్కనున్న ఫ్రేమ్‌కి రెండు. స్టీరింగ్ కడ్డీ, టై రాడ్, బ్రేక్ పైపు, వీటి మీదుగా బెల్టు పోనివ్వం. కొక్కెం నేరుగా గొట్టానికి తగిలిస్తే గాటు పడుతుంది కాబట్టి మధ్యలో మెత్తటి గుడ్డ లూపు వేస్తాం. బెల్టు నిండుగా బిగిసిందనిపించాక ఇంకా లాగాలన్న కోరిక మానుకోవాలి, ఫ్రేమ్ వంగేదాకా లాగే శక్తి రాచెట్‌కి ఉంది. గాలికి బెల్టు వీణతీగలా మోగుతుంటే ఒక్క మెలిక తిప్పి కట్టండి, ఆగిపోతుంది. బయల్దేరిన పది కిలోమీటర్లకి ఒకసారి ఆగి నాలుగూ తట్టి చూస్తాను. అమ్మాయి రెండోసారి తడుతుంది.

ఇంకో మార్పు, కార్టుని తిప్పి ఎక్కించడం. ఇప్పుడు ఇంజిన్ వైపు క్యాబిన్‌కి దగ్గరగా ఉంటుంది. బరువంతా తొట్టిలోనే పడి, తేలికైన ముందుభాగం మాత్రమే దించిన తలుపు మీదికి వస్తుంది. ముందరి ప్లాస్టిక్ ముక్కు రెండు క్లాంపులు విప్పితే ఊడుతుంది, దాన్ని లోపల పెట్టుకుంటాం. మడిచిన ట్రాలీ క్యాబిన్ గోడకీ కార్టుకీ మధ్యన మిగిలిన జానెడు సందులో నిలబడుతుంది. దానికి వేరే బెల్టు ఉండాలి.

పెట్రోలు విషయం క్లుప్తంగానే, కానీ దయచేసి పాటించండి. బంకులో డబ్బాని తొట్టిలోనే ఉంచి నింపకండి. తొట్టికి ప్లాస్టిక్ తొడుగు ఉంటే స్థిరవిద్యుత్తు నేలకి పోయే దారి ఉండదు, నిప్పురవ్వ పుట్టొచ్చు. అమెరికాలో పనిచోట్ల భద్రతని చూసే నియోష్ సంస్థ 1998లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. డబ్బాని కిందికి దించి, నేల మీద పెట్టి నింపాలి. కార్టు ట్యాంకు, కార్బరేటర్ గిన్నె ప్రయాణానికి ముందే ఖాళీ చేస్తాం. కుదుపులకి ఓవర్‌ఫ్లో సీసా (పొంగిన పెట్రోలు పట్టేది) నిండి సీటంతా ఆయిల్ కలిసిన పెట్రోలు వాసన పట్టడం ఒకసారి చాలు.

వాన, రోడ్డు మీది నీటి తుంపర సైలెన్సర్‌లోంచి ఇంజిన్‌లోకి చేరతాయి. అందుకే ఎగ్జాస్ట్‌కి రబ్బరు బిరడా, కార్బరేటర్ నోటికి శుభ్రమైన మూత. టార్పాలిన్ కప్పితే అది గాలికి కొట్టుకుంటూ స్టిక్కర్ల అంచులు లేపేసింది. కొలతకి కుట్టించిన కవర్ అయితే కదలదు. రెండు మూతలకీ పొడవాటి ఎర్ర రిబ్బన్లు కట్టి, వాటి రెండో కొసలు స్టీరింగ్‌కి ముడివేయాలన్నది మా అమ్మాయి ఆలోచన. సీటులో కూర్చోగానే ముందు ఆ ముడి విప్పాలి, తర్వాతే స్టార్టర్.